ఊరికే దొరికిన బంటు

బస్సు మలుపు తిరిగేసరికి ఆమె ఒళ్ళోంచి చదరంగం పెట్టె జారి పక్కసీటు పెద్దాయన కాళ్ళ దగ్గర పడింది. అరచేతిలో ఇమిడేంత పెట్టె. పావుల అడుగున అయస్కాంతాలు ఉండటంతో ఒక్కటీ చోటు కదల్లేదు. ఆయన వంగి తీశాడు, ఇవ్వబోయాడు, చదరంగం బల్ల మీద ఏముందో చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అలా లాక్కునేవాళ్ళు లోకంలో ఒక తెగ. ఏ బస్టాండులో చూసినా ఒకరిద్దరు తగులుతారు. ఎవరో ఇద్దరు ఆడుకుంటుంటే వెనక నిలబడి, ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్ళ మందులు సంచీలోనే ఉండగా, సాయంత్రం దాకా మెడ చాచి చూస్తారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. రాజ్యాలు ఏలినవాళ్ళే ఈ అరవై నాలుగు గళ్ళ ముందు కూర్చుని, కోట గుమ్మం విరిగిన చప్పుడు వినిపించుకోలేదని కథలున్నాయి. రిటైరైన లెక్కల మాస్టారు ఏపాటి?

ఆయన లెక్కల మాస్టారని ఆమెకు తర్వాత తెలిసింది. ముందు ఆమె చూసింది ఆయన ముఖాన్ని కాదు, కళ్ళజోడును. ఎడమ కాడ కిందికి వాలింది. మర వదులైంది. రెండు అద్దాలూ ఒక మట్టంలో లేవు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, చిన్న సానచక్రం ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీసే మనిషి ఆమె. దారిలో ఎవరు ఎదురైనా ముందు కళ్ళజోడు కనబడుతుంది, తర్వాత ముక్కు, ఆ తర్వాతే మనిషి. దుకాణం యజమాని ఆమెను "మైక్రోమీటరమ్మ" అంటాడు. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి చెబుతుందని.

"ఒకసారి ఇటివ్వండి మాస్టారూ," అంది. ఆ పిలుపు ఊహించి అన్నదే. జేబులో రెండు పెన్నులు, వేళ్ళకు ఎప్పటికీ వదలని సుద్ద తెలుపు.

"ఇస్తానమ్మా, ఒక్క క్షణం. తెల్లవి ఎవరివి?"

"పెట్టె కాదండీ, మీ కళ్ళజోడు. అలా వంకరగా పెట్టుకుంటే మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది."

"ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. పిల్లలకు భిన్నాలు చెప్పడం వల్ల అనుకున్నాను."

ఆమె సంచీలోంచి గోరంత స్క్రూడ్రైవరు తీసి, కుదుపుల మధ్య ఒక చిన్న ఖాళీ చూసుకుని, మర బిగించింది. చేతులు అలవాటు కొద్దీ పని చేశాయి. మనసు అక్కడ లేదు. మూడు వారాలుగా దాని చోటు అది వదిలేసింది.

"తెల్లవి మా అన్నయ్యవి," అంది కళ్ళజోడు తిరిగిస్తూ. "ఎప్పుడూ ఆయనవే."

అదొక పాత ఏర్పాటు. ఆమెకు ఎనిమిదేళ్ళు, అన్నకు పధ్నాలుగు ఉన్నప్పుడు అట్ట మీద గళ్ళు గీసి, గుండీలతో పావులు చేసి వాడు ఆట నేర్పాడు. "నేను పెద్దవాణ్ణి. తెల్లవి నావి. ముందు నేనే వేస్తాను, నువ్వు జవాబు చెప్పు," అన్నాడు. ఆ శాసనం మళ్ళీ ఎవరూ తిరగరాయలేదు. నలభై నాలుగేళ్ళుగా ఆమె నల్లవాటితోనే ఆడుతోంది. పెళ్ళిళ్ళయి, చెరో ఊరు చేరాక ఆట పోస్టుకార్డుల్లోకి మారింది. కార్డు మీద క్షేమసమాచారాలు ఉండవు. ఒక్క ఎత్తు, కింద తేదీ, అంతే. ఫోన్లు వచ్చినా కార్డులు మానలేదు. "పోస్టాఫీసు మీ అన్నాచెల్లెళ్ళ పుణ్యాన నడుస్తోంది," అని ఆమె భర్త వెక్కిరిస్తాడు.

ఇన్నేళ్ళలో అన్న మొదటి ఎత్తు ఒక్కటే. రాజు ముందున్న బంటు, రెండు గళ్ళు. ఆ తర్వాత గుర్రం, ఆ తర్వాత ఒంటె. సూర్యుడు పడమట లేచినా అది మారదు. మారదని తెలిసి ఆమె కొత్త ఆట మొదలైనప్పుడల్లా కార్డు చూడకుండానే జవాబు రాసి పెట్టుకునేది.

మూడు వారాల కిందట వచ్చిన కార్డు మీద ఇలా ఉంది: "రాజు వైపు గుర్రం ముందున్న బంటు, రెండు గళ్ళు."

ఆమె కార్డు తిప్పి చూసింది. చిరునామా తనదే. దస్తూరీ అన్నదే. ఆట తెలిసినవాడెవడూ మొదటే ఆ బంటును కదపడు. రాజు పక్క తలుపు తనే తీసిపెట్టి, దొంగకు దీపం చూపినట్టు. పొరపాటేమోనని రెండు రోజులు ఆగింది. చివరికి మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపానని రాసింది. దాంతో ఆమె ఒంటెకు దారి తెరుచుకుంది. ఆ ఒంటె సూటిగా ఆయన వదిలేసిన బంటు మీదికే చూస్తోంది. మామూలు మనిషైతే తర్వాతి ఎత్తులో దాన్ని కాపాడుకుంటాడు. అన్న నుంచి వచ్చిన రెండో కార్డులో, ఒంటెను ఆ ఖాళీ గడిలోకి జరిపానని ఉంది. బంటు ఊసే లేదు. ఎవరైనా తీసుకోండన్నట్టు నడిబజారులో వదిలేశాడు.

ఆ కార్డు వచ్చిన మర్నాడే వదిన దుకాణానికి ఫోన్ చేసింది.

అన్న ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో బాయిలరు చూసే మనిషి. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉడకబెట్టే ఆవిరంతా ఆ బాయిలరు నుంచే వస్తుంది. దాని పక్కన నిలువునా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో అందులో కనబడుతుంది. ఎర్రగీత కిందికి నీళ్ళు దిగితే మంట ఆర్పాలి. ఆర్పకుండా, కాలిపోతున్న లోహం మీదికి చల్లనీళ్ళు వదిలితే బాయిలరు పేలుతుంది. గోడకు అటువైపు ఇస్త్రీ యంత్రాల దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి పని చేస్తారు. ముప్ఫై రెండేళ్ళలో అన్న ఆ గీత దాటనివ్వలేదు. పోయిన నెల దాటింది. చూసుకోకుండా పంపు మీద చెయ్యి కూడా వేశాడట. ముందు షిఫ్టు మనిషి తన టిఫిను డబ్బా మరిచిపోయి వెనక్కి వచ్చాడు కాబట్టి సరిపోయింది. "మళ్ళీ జరిగితే ఇంచార్జికి చెప్పక తప్పదమ్మా," అని వదినకు చెప్పి వెళ్ళాడు.

"ఇంకా రెండేళ్ళుంది సర్వీసు," అంది వదిన ఫోనులో. "నాతో బాగానే మాట్లాడతాడు. ఒక్కోసారి నన్ను నీ పేరుతో పిలుస్తాడు, అది మొదట్నుంచీ ఉన్నదేగా. నాకేం తెలీడం లేదు. నీకైతే తెలుస్తుంది. నువ్వొచ్చి చూసి చెప్పు. బాగున్నాడంటే నోరు మూసుకుంటాను. లేదంటే నువ్వే వెళ్ళి ఇంచార్జికి చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

అందుకే ఈ ప్రయాణం. తన రెండో ఎత్తు కార్డు మీద రాయకుండా చదరంగం పెట్టె తీసుకుని బయల్దేరింది.

ఇదంతా మాస్టారికి చెప్పలేదు. మా అన్నయ్యకు మతి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి వెళుతున్నానని బస్సులో ఎవరు చెబుతారు? "ఈ ఆటలో తెల్లవాళ్ళది తెలివా, పరధ్యానమా?" అని మాత్రం అడిగింది.

మాస్టారు తిన్నగా నిలబడిన కొత్త చూపుతో బల్లను చూసి, నవ్వాడు. "తెలివేనమ్మా. కొంటె తెలివి. ఈ దారి ఒకటుంది. పెద్ద ఆటగాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ, తెలియనివాళ్ళ మీద భలే పనిచేస్తుంది. ఈ బంటు ఎర. నువ్వు ఒంటెతో దీన్ని కొట్టావే అనుకో. ఆయన అటువైపు ఒంటె ముందున్న బంటును రెండు గళ్ళు తోస్తాడు. అది నీ మధ్య బంటు మీదికి వస్తుంది. సరే, అదీ ఊరికేనే కదా అని కొడతావు. అప్పుడు మూలన ఉన్న ఈయన ఒంటెకు నడిదారి మొత్తం ఖాళీ. సర్రున వచ్చి నీ ఏనుగు మీద పడుతుంది."

"మరి నల్లవాళ్ళు ఏం చెయ్యాలి?"

"ఆశపడకూడదు. ఇదిగో, మంత్రి పక్క ఒంటె ముందున్న ఈ బంటును ఒక్క గడి, ఒకే ఒక్క గడి జరిపి ఊరుకోవాలి. నీ మధ్య బంటుకు కాపు. ఎర అలాగే ఉంటుంది, వల మాత్రం చిరిగిపోతుంది. ఇక తెల్లవాళ్ళు సొంతంగా ఆలోచించుకోవాల్సిందే."

ఆమె గుండెల మీంచి ఎవరో బరువు దించినట్టయింది. తెలివేనన్నమాట. ఎక్కడో పాత పుస్తకంలో చదివి, నలభై ఏళ్ళ తర్వాత చెల్లెల్ని ఏడిపించాలనిపించింది ముసలాడికి. కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది. దూరంగా పొగగొట్టాలు, గోదాములు, ఆరేసిన బట్టలు, సైకిలు మీద నిచ్చెన మోసుకెళ్ళే మనిషి. అన్నీ మొదటిసారి కనబడ్డాయి.

రెండు స్టాపులు దాటేసరికి ఆ బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎర అని మాస్టారంటున్నారు. ఎర అని అన్నయ్యకు తెలుసా? తెలిసి వదిలిన బంటూ, తెలియక వదిలేసిన బంటూ బల్ల మీద ఒకేలా ఉంటాయి. గాజు కూడా అంతే. పగులు లోపల ఉంటే పైనుంచి ఎంత తుడిచినా కనబడదు. చక్రం మీద పెట్టి ఒత్తాలి, అప్పుడు తెలుస్తుంది.

ఒత్తడమంటే బంటును కొట్టడమే. సరైన ఎత్తు వేసి ఊరుకుంటే తను ఆటలో బాగుంటుంది గానీ, అన్న సంగతి తేలదు. అదే వెళ్ళి వెళ్ళి వలలో పడితే, ఆయన వల లాగుతాడో లేదో చూడవచ్చు. లాగితే మనిషి బాగున్నట్టు. ఆమె జీవితంలో మొదటిసారి ఓడిపోవడానికి పథకం వేసుకుంది.

ఆమె దిగేటప్పుడు మాస్టారు పెట్టె చేతికిస్తూ, "ఏమైందో తెలియకుండా నాకీ వారం నిద్ర పట్టదమ్మా," అన్నాడు.

"కళ్ళజోడు తీసి పడుకోండి, పడుతుంది," అంది ఆమె.

లాండ్రీ వెనక క్వార్టర్లు వరసగా ఉంటాయి. రెండేసి గదులు, ముందొక సన్నటి వసారా. గోడల మీదుగా లావుపాటి ఆవిరి గొట్టం ఒకటి గుడ్డ చుట్టుకుని పోతుంది. అతుకుల దగ్గర సన్నగా బుసకొడుతుంది. సబ్బు, సోడా కలిసిన వాసన. ఆ గొట్టం చివర లాండ్రీ, దాని గేటు పక్కనే ఇంచార్జి గది.

"వచ్చిందండీ ఆడపడుచు!" అంది వదిన తలుపు తీస్తూ. "కబురు పెడితే ఇన్నాళ్ళా? నా వంట తినాల్సి వస్తుందని భయమా?"

"అన్నయ్య ముప్ఫై ఏళ్ళు తిని బతికే ఉన్నాడుగా, ధైర్యం చేశాను."

"ఎవరే అది? పిచ్చుకా?" లోపల్నుంచి అన్న గొంతు. సన్నగా ఉండేదని చిన్నప్పుడు పెట్టిన పేరు. ఇప్పుడు ఆమె సన్నగా లేదు. అయినా పేరు అలాగే ఉంది. బనీను మీద బయటికి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. వాచీ పెట్టుకున్నాడు. ఆమె ముందు ఆయన కళ్ళజోడు చూసింది. తనే చేసిచ్చినది. శుభ్రంగా, తిన్నగా ఉంది. మనిషి కూడా శుభ్రంగా, తిన్నగా ఉన్నాడు. "బస్సులో సీటు దొరికిందా? బావ రాలేదేం? ఆయనకింకా నా మీద కోపమేనా?"

"కోపమెందుకు? నువ్వాయన్ని ఆరెత్తుల్లో కట్టేసిన దగ్గర్నుంచీ చదరంగం అంటేనే జడుపు."

నవ్వాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ సరిగ్గా ఉండటమే ఆమెను ఇంకా భయపెట్టింది. టీ తాగుతూ ప్రతి మాటనీ వేలితో తడిమి చూసినట్టు చూసుకుంటూ పోయింది. పిల్లల సంగతి అడిగాడు. దుకాణం యజమాని మోకాలి నొప్పి అడిగాడు. వదిన మధ్యలో దూరింది. "ఈయన చాదస్తం చెప్పనా? పోయిన నెల చొక్కా జేబు చూడకుండా నానబెట్టాను. లోపలేదో కాగితం ఉందిట. ముద్దయిపోయింది. ఇక చూడు, పొద్దున్నే ఇల్లు పీకి పందిరేశాడు. డ్యూటీకే వెళ్ళనని భీష్మించాడు. నేనే తోసి పంపించాను. ఏం రాసుకున్నారండీ అంటే చెప్పడు. ఎవరైనా ప్రేమలేఖ రాశారేమో."

"రాసేవాళ్ళుంటే నీకెందుకు చెబుతానే," అన్నాడు అన్న. కప్పు కింద పెట్టేటప్పుడు సాసరు అంచుకు తగిలి టంగుమంది. అంతే.

గడియారం పదకొండు కొట్టింది. రెండింటికి ఆయన డ్యూటీ. ఆమె పెట్టె తీసింది. "అయితే ఆట కార్డు మీద కాదు. ఎదురుగా కూర్చుని ఆడతాను. నీ బంటును కొట్టానంతే."

ఒంటెను పట్టుకెళ్ళి ఊరికే దొరికిన బంటును తీసేసింది. ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. అన్న బల్లను చూశాడు. పెదవి కదిపాడు. ఆవిరి గొట్టం బుసకొడుతోంది. ఆమె పది లెక్కపెట్టింది. ఇరవై.

అన్న చెయ్యి వచ్చింది. అటువైపు ఒంటె ముందున్న బంటు, రెండు గళ్ళు.

ఆమెకు లేచి గంతెయ్యాలనిపించింది. ఆపుకుని, అమాయకంగా ఆ బంటునూ కొట్టింది. అన్న ఒంటె మూలనుంచి సర్రున వచ్చి బంటును తినేసి ఏనుగు ముందు కూర్చుంది. "పడ్డావే పిచ్చుకా!" అని తొడ చరిచి నవ్వాడు. చిన్నప్పటి నవ్వు. ఆమె కూడా నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేంత నవ్వింది. ఆ తర్వాత ఎలా ఆడిందో ఆమెకే తెలియదు. పది నిమిషాల్లో చేతులెత్తేసింది.

"ఓడిపోయి ఇకిలిస్తోందేంటండీ ఈవిడ!" అంది వదిన వంటగదిలోంచి తొంగి చూసి. ఆమె ముఖంలో ప్రశ్నకు చెల్లెలు తల ఊపింది. బాగున్నాడు, అన్నట్టు. వదిన కొంగుతో ముఖం ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవచ్చు. అన్న స్నానానికి వెళ్ళాడు. కాసేపటికి, "పిచ్చుకా, నా అరలో తువ్వాలుంది, అందుకో," అని కేకేశాడు. ఆ అర మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోడని వదిన ఎప్పుడూ చెబుతుంది. ఆమె తలుపు తెరిచింది. మడతపెట్టిన చొక్కాలు, చదరంగం పుస్తకాలు, తువ్వాలు. తలుపు లోపలివైపు నాలుగు మూలలా టేపు వేసి ఒక కాగితం అంటించి ఉంది. అన్న దస్తూరీ. పెద్ద పెద్ద అక్షరాలు.

పైన బాయిలరు సంగతి. "ఒకటి: గాజు చూడు. రెండు: కింది కుళాయి తిప్పి మడ్డి నీళ్ళు వదులు. మూడు: మళ్ళీ గాజు చూడు. గీత కింద ఉంటే పంపు ముట్టుకోకు, మంట ఆర్పు." 'గాజు చూడు' కింద మూడేసి గీతలు. కాగితం చిరిగేంత ఒత్తి గీసినవి.

దాని కింద: "పిచ్చుకతో. గుర్రం ముందు బంటు రెండు. ఒంటె ఆ ఖాళీలోకి. అది బంటు కొడుతుంది. అటు ఒంటె ముందు బంటు రెండు. అది మళ్ళీ కొడుతుంది. ఒంటెతో కొట్టు. ఏనుగు మీద పడుతుంది. పడ్డావే పిచ్చుకా అనాలి."

ఆమె తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "ఏమే, నేస్తున్నావా తువ్వాలు?" అని అన్న మళ్ళీ పిలిచాడు.

తువ్వాలు తలుపు సందులోంచి ఇచ్చి వంటగదిలోకి వెళ్ళింది. "వదినా, ఆ చొక్కా ఉతికింది ఏ రోజు?"

"అదే, ఆ నీళ్ళ గొడవ జరిగిన రోజే. అందుకే గుర్తుంది. ఎందుకు?"

"ఊరికే."

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఆమె కాసేపు మూతను చూస్తూ నిలబడింది. మనిషి బుర్రలో ఉండాల్సినది జేబులోకి వచ్చింది. జేబు నానిపోయిన రోజు నీళ్ళు గీత దిగాయి. తను చక్రం మీద పెట్టి ఒత్తానని సంబరపడింది. తీరా ఒత్తింది ఆయన ముందే కట్టు కట్టుకున్న చోటే. కాగితం మీద ఉన్న ఎత్తులు, ఉన్న వరసలో, తనే వేసిచ్చింది. పడ్డావే అనే మాటతో సహా. పాత దారి, ఆ రాజు ముందు బంటు, ఆ గుర్రం, ఇన్నేళ్ళ ఆట, వాటికి కాగితం చాలదు. అందుకని నాలుగడుగుల సందు ఒకటి వెతుక్కుని అందులో నిలబడ్డాడు.

అయినా ఒక ఆశ మిగిలింది. కాగితం రాసుకోవడం నేరమా? పెద్ద పెద్దవాళ్ళు రాసుకోరా? కాగితం లేనిచోట ఎలా ఉన్నాడో చూడాలి.

అన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. డ్యూటీ చొక్కా వేసుకున్నాడు. జేబు ఒకసారి తట్టుకున్నాడు.

"ఇంకో ఆట," అంది ఆమె.

"చాల్లేవే, ఎంత ఓడతావు?"

"భయమా?"

ఆ మాట అంటే ఎప్పుడూ కూర్చుంటాడు. కూర్చున్నాడు. గుర్రం ముందున్న బంటు, రెండు గళ్ళు. ఆమె మంత్రి ముందు బంటు. ఒంటె ఖాళీలోకి. ఇక్కడ ఆమె, మాస్టారు చెప్పినట్టు, ఒంటె ముందున్న బంటును ఒక్క గడి జరిపి చెయ్యి తీసేసింది.

అన్న చెయ్యి అప్పటికే గాలిలో ఉంది. అటువైపు బంటు మీదికి వెళుతోంది. సగంలో ఆగింది.

"ఇదేంటి?"

"బంటు జరిపాను."

"కొట్టలేదేం?"

"కొట్టబుద్ధి కాలేదు."

"ఊరికే ఉందిగా. అదిగో, కనబడ్డం లేదా? నీ ఒంటెకు సూటిగా ఉంది."

"కనబడుతోంది అన్నయ్యా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్ద చిక్కేమీ కాదు అది. ఆ బంటు పక్కనున్న చివరి బంటును ఒక్క గడి జరిపితే కాపు దొరుకుతుంది. ఆట నేర్చుకున్న వారంలో పిల్లలు వేసే ఎత్తు. అట్ట మీద గుండీలతో ఆమెకు ఆయనే నేర్పిన ఎత్తు. జరుపు అన్నయ్యా, అనుకుంది. ఆ చివరిది. ఒక్క గడి. నీ చేతికి ఆనుకునే ఉంది. ఆమె చూపు ఆ బంటు మీదికి వెళ్ళిపోతుంటే బలవంతంగా కిటికీ వైపు తిప్పుకుంది. చూపు కూడా సాయమే అవుతుందని.

గడియారం ఒంటిగంట కొట్టింది. భోజనం చల్లారిపోతోందని వదిన వచ్చి, ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆయన వేలు గుర్రం మీదికి వెళ్ళి వచ్చింది. మంత్రి మీదికి వెళ్ళి వచ్చింది. అర వైపు చూశాడు. జేబు తట్టుకున్నాడు. తీయలేదు. చెల్లెలి ముందు ఎలా తీస్తాడు? నుదుటి మీద చెమట పేరుకుంది. "కొట్టవే," అన్నాడు చిన్న గొంతుతో. బతిమాలుతున్నట్టు. "నువ్వు అది కొడతావు. అదీ వరస. కొట్టు, నేను చూసుకుంటాను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

చాలాసేపటి తర్వాత అన్న ఒంటెను పట్టుకున్నాడు. అంతకుముందే ఖాళీలోకి తెచ్చిన ఒంటెను, వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్ళి, మొదట్లో అది ఉన్న గడిలో జాగ్రత్తగా నిలబెట్టాడు. అది నియమం ప్రకారం తప్పు ఎత్తేమీ కాదు. ఊరికే దొరికే బంటు అలాగే ఊరికే ఉంది.

"ఆఁ," అన్నాడు, ఒడ్డుకు చేరినవాడిలా. "ఇప్పుడు సరిగ్గా ఉంది. మళ్ళీ ఇక్కణ్ణుంచి. నీ వంతు."

ఆమె బల్లను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. కళ్ళజోడు కాదు, ముఖం. ముడతల మధ్య ఆ పధ్నాలుగేళ్ళ పెద్దవాడు బల్ల మీదికి వంగి, ఆమె జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు. నలభై నాలుగేళ్ళలో ఆయన వంతు తర్వాత ఆమె వంతు రాకుండా పోలేదు.

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. గోడకు అటువైపు ఆరుగురు ఆడవాళ్ళు భోజనాలు ముగించి యంత్రాల దగ్గరికి వస్తుంటారు.

ఆమె లేచింది. సంచీ తీసుకోలేదు. పెట్టె అక్కడే ఉంది, పావులు దాని మీదే ఉన్నాయి. గుమ్మంలో వదిన పక్కకు జరిగింది. ఆమె ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్ళొస్తానని నోటిదాకా వచ్చింది గానీ, ఆ మాట అంటే ఎక్కడికే అని అడుగుతాడు, అడిగితే చెప్పాలి. చెప్పులు తొడుక్కుని వసారా దిగింది.

ఆవిరి గొట్టం వెంబడే నడిచింది. అతుకు దగ్గర వేడి బుస చెంపకు తగిలినా తప్పుకోలేదు. గేటు పక్కన ఇంచార్జి గది తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల ముందు ఎవరో తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

"పిచ్చుకా," అని వెనకనుంచి వినబడింది. "నీ ఎత్తే!"

ఆమె ఆగలేదు.